చదివి వినిపించగా

3, సోమవారం

సీనియర్‌గారి దవడ పన్ను నా జాతకాన్ని మార్చేలా ఉంది.

పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి ఆయన ఎడమ బుగ్గ బంతిలా వాచి ఉంది. నిన్న పన్ను పీకించుకున్నారట. రెండు వారాలు నోరు మెదపకూడదని డాక్టరు ఆజ్ఞ. ముప్పై ఏళ్ళుగా జడ్జీలు ఆపినా ఆగని నోరు ఒక్క పన్ను దెబ్బకి ఆగింది. ఇక ఏం చెప్పాలన్నా చీటీ మీద రాసి ఇస్తున్నారు. నాకిచ్చిన మొదటి చీటీ: "12న గది కేసు. ప్రతివాదిని క్రాస్ చేసేది నువ్వే." రెండో చీటీ: "నోరు మూసుకో, ఈగలు దూరతాయి."

రెండేళ్ళ ప్రాక్టీసులో నేను కోర్టులో పలికిన వాక్యం ఒక్కటే. "వాయిదా ఇప్పించండి అయ్యా." దాన్ని మాత్రం చాలా స్పష్టంగా పలుకుతానని బెంచి గుమాస్తా మెచ్చుకున్నాడు.

కేసు నాకు కంఠతా వచ్చు, అయినా రాసుకుంటే స్థిమితంగా ఉంటుంది. మా క్లయింటు కుట్టుమిషన్ అక్క. మేడ కింద గదిలో తొమ్మిదేళ్ళుగా బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. ఇంకో రెండేళ్ళు ఉంటానని కాగితం రాసి ఇస్తే ఓనరు, ఒకప్పటి లారీ డ్రైవరు, కింద సంతకం పెట్టాడు. నాలుగు నెలలు తిరక్కుండా గదికి తాళం వేశాడు. మూడు మిషన్లు, నూట పద్దెనిమిది జతలకు కత్తిరించిన గుడ్డ, పిల్లల కొలతల పుస్తకం, అన్నీ లోపలే. ఒకటో తారీఖున బడులు తెరుస్తారు. ఆలోగా గది చేతికి రాకపోతే బడి వాళ్ళు పని ఇంకొకరికి ఇచ్చేస్తారు, ఆ తర్వాత గది వచ్చినా అందులో కుట్టడానికేమీ ఉండదు. ఓనరు జవాబు పత్రంలో ఏమన్నాడంటే, ఆ రోజు తాను ఊళ్ళోనే లేడు, ఆ కాగితం ఎన్నడూ చూడలేదు, సంతకం తనది కాదు. సంతకం ఆయనదే. గుడ్డివాడు తడిమినా చెప్తాడు.

ఇంట్లో చెప్పాను. అమ్మ ఆస్పత్రిలో పక్కలు మార్చి అప్పుడే వచ్చింది. "క్రాస్ అంటే ఏంటే?" అంది.

"అవతలివాడు చెప్పిన మాటల్లో ఒకదానికొకటి పొసగనివి బయటకి లాగడం."

"దానికి అంత చదువెందుకు? నేను మీ నాన్నతో పాతికేళ్ళుగా చేస్తున్నది అదేగా."

కోర్టు ప్రహరీగోడ పక్కన నాన్న తాళాల పెట్టె పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. నల్లకోటు వాళ్ళంతా నన్ను "తాళాలమ్మాయి" అనే పిలుస్తారు. కేసు విషయం విని, "ఆ తాళం నేనైతే రెండు నిమిషాల్లో తీస్తాను. కానీ కోర్టు చెప్తేనే తీస్తాను. చెప్పకముందు తీస్తే దాని పేరు వేరే" అన్నాడు.

ఇకనుంచి రోజూ రాయాలనుకుంటున్నాను. నాన్న ఐదో తరగతి వరకు చదివాడు కాబట్టి ఈ డైరీ ట్రంకుపెట్టె అడుగున దాస్తున్నాను.

భయం లేదు.

4, మంగళవారం

అమ్మ మీద ప్రాక్టీసు చేశాను. స్టూలు మీద కూర్చోబెట్టి, "నిన్న సాయంత్రం ఆరింటికి మీరెక్కడ ఉన్నారు?" అన్నాను.

"అప్పుడే ఇల్లు చేరాను, నువ్వెక్కడ ఉన్నావు?"

"సాక్షి ప్రశ్నలు అడగకూడదు."

"మరి ఇంటికి రావాల్సింది ఐదింటికి, వచ్చింది ఆరున్నరకి. మధ్యలో గంటన్నర ఏమైంది?"

గంటన్నర నేను ఒక స్నేహితురాలితో చెప్పుల కొట్టులో ఉన్నాను. మూడు ప్రశ్నల్లో చెప్పులు, రంగు, ఎక్కడ దాచానో కూడా ఒప్పుకున్నాను. అమ్మ స్టూలు దిగి, "నీ సీనియర్‌కి పన్ను త్వరగా నయం కావాలి" అంది.

6, గురువారం

ఈరోజు కోర్టు గుమ్మం దగ్గర, కేసుల పట్టీ అతికించే బోర్డు ముందు, ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, భుజాలు ఇప్పటికీ లారీ స్టీరింగు పట్టుకున్నట్టే. పట్టీ మీద వేలు పెట్టి పైనుంచి కిందకి చూసుకుంటూ వస్తున్నాడు. పట్టీ మధ్యలో రెండు అంగుళాల ఖాళీ ఉంటుంది, పాత కేసులకీ కొత్త కేసులకీ నడుమ. ఆయన వేలు ఆ ఖాళీ మీద కూడా అదే వేగంతో నడిచింది.

తర్వాత నావైపు తిరిగి, "అమ్మా, నా నంబరు ఉందేమో చూసి పెట్టవూ, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను" అన్నాడు. కళ్ళజోడు చొక్కా జేబులోంచి బయటికి చూస్తోంది.

వివరాలు చెప్పాడు. గది కేసు. తాళం వేసిన ఓనరు ఈయనే.

"మీది ఇవాళ లేదండీ. 12న" అన్నాను.

"చల్లగా ఉండు తల్లీ. ఆ మాట మా లాయరు చెప్పనే లేదు. మా అల్లుడు వెళ్ళమన్నాడని వచ్చాను" అని వెళ్ళిపోయాడు. నేను ఎవరి తరఫునో చెప్పలేదు. అడగలేదు కదా.

7, శుక్రవారం

పెద్దవయసు. కళ్ళజోడు జేబులో ఉన్న సంగతి మర్చిపోయి ఉంటాడు. అంతే.

8, శనివారం

మర్చిపోయి ఉంటాడనే రాశాను నిన్న. సరే.

10, సోమవారం

సీనియర్‌గారికి చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. కాదు, తెలుసు. ఆయన దగ్గర ఒక్కసారైనా తెలివైనదాన్ని అనిపించుకోవాలని చెప్పాను.

"అయ్యా, ప్రతివాదికి చదవడం రాదనుకుంటాను."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పన్ను పోయిన మనిషి అంత సంతోషంగా నవ్వడం నేను చూడలేదు, చూడకపోతే బాగుండేది. చకచకా రాశారు. "బంగారం! చేతికి కాగితం ఇయ్యి. చదవమను. నీళ్ళు నములుతాడు. అప్పుడు అడుగు: జవాబు పత్రం 'చదివి, అర్థం చేసుకుని' సంతకం పెట్టానన్నావే, ఎలా చదివావు? కేసు అయిపోయింది."

నిజమే. అయిపోతుంది. జవాబు పత్రం కింద పెద్ద అక్షరాల్లో ఉంది, చదివి అర్థం చేసుకున్నానని. ఆ ఒక్క మాట అబద్ధమైతే మిగతా మాటలన్నీ ఒకదాని వెంట ఒకటి కూలతాయి. మూడే ప్రశ్నలు. మా క్లయింటు గది తెరుచుకుంటుంది. నా పేరు నిలబడుతుంది.

కుట్టుమిషన్ అక్క సాయంత్రం ఆఫీసుకి వచ్చింది. అలవాటుగా చూపుడువేలితో బల్ల అంచు కొలుస్తూ, "గెలుస్తామా చెల్లీ?" అంది. గెలుస్తాం అన్నాను. అంత నమ్మకంగా ఎవరికీ ఏదీ చెప్పలేదు ఇంతవరకు.

11, మంగళవారం

రేపే.

నన్ను నేను క్రాస్ చేసుకుంటున్నాను. ప్రాక్టీసు.

ప్రశ్న: 3వ తేదీన మీ నాన్న ఐదో తరగతి చదివాడని రాశారు. నిజమేనా?
జవాబు: ఆయన అలా చెప్తాడు.
ప్రశ్న: అడిగింది అది కాదు.
జవాబు: చిన్నప్పుడు నా మార్కుల కార్డు తెస్తే, నాన్న దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, "ఫర్వాలేదు, ఇంకొంచెం కష్టపడాలి" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. ఒకసారి కరెంటు బిల్లు చూసి కూడా, "ఫర్వాలేదు, ఇంకొంచెం కష్టపడాలి" అన్నాడు.
ప్రశ్న: అప్పుడు మీరేం చేశారు?
జవాబు: సరే నాన్నా అన్నాను. అమ్మ గరిట పట్టుకుని గోడవైపు తిరిగింది.
ప్రశ్న: అప్పటికి మీకెన్నేళ్ళు?
జవాబు: ఎనిమిది.
ప్రశ్న: అంటే పదహారేళ్ళుగా మీకు తెలుసు.
జవాబు: తాళం చెవి పళ్ళు అరగదీసేటప్పుడు ఆయన కళ్ళజోడు ఎన్నడూ మర్చిపోడు. చదవాల్సింది వచ్చినప్పుడే మర్చిపోతాడు.
ప్రశ్న: మరి డైరీ ఎందుకు దాస్తున్నారు?

దీనికి జవాబు రాయడం లేదు. ఈ ఇంట్లో ఈ డైరీని నడి గదిలో తెరిచి పెట్టినా ఏం కాదు. అయినా దాస్తాను. దాచకపోతే ఆయనకి తెలిసిపోతుంది, నాకు తెలుసునని.

నాన్న రేపు కోర్టుకి వస్తానన్నాడు. పెట్టె పక్క టీ కొట్టు వాళ్ళకి అప్పజెప్పి, వెనక బెంచీలో కూర్చుంటాడట. వద్దన్నాను. "ఇరవై ఏళ్ళుగా గోడకి ఇవతల కూర్చున్నాను, ఒక్క పూట అవతల కూర్చోనివ్వవే" అన్నాడు.

12, బుధవారం

పూర్తిగా రాస్తాను. చేయి నొప్పి పుట్టినా సరే.

పదకొండున్నరకి మా నంబరు పిలిచారు. పెద్దాయన బోనెక్కాడు. నన్ను చూసి ముఖం వెలిగింది. "నువ్వా తల్లీ" అన్నాడు. జడ్జిగారు కళ్ళజోడు మీదుగా చూసి, "బోనులో పలకరింపులు వద్దు" అన్నారు. పెద్దాయన నేను ఎటువైపు నిలబడ్డానో అప్పుడు గమనించాడు. వెలుగు కాస్త తగ్గింది.

వెనక బెంచీలో నాన్న. ఇస్త్రీ చొక్కా, జేబులో తాళం చెవులు అరగదీసే ఆకురాయి. తీసి పెట్టి రమ్మని చెప్పడం మర్చిపోయాను. పక్కన ప్రతివాది అల్లుడు, ఫోను చూసుకుంటూ. నా పక్కన సీనియర్‌గారు, బుగ్గకి మఫ్లరు. మొదటి చీటీ అప్పుడే నా చేతికి వచ్చింది: "కాగితం ఇయ్యి."

కాగితం చేతిలోనే ఉంది. అక్క రాసిన కాగితం. ఒక చేయి ముందుకి చాపితే చాలు. పెద్దాయన నా చేతివైపే చూస్తున్నాడు. ఆయన కుడిచేయి నెమ్మదిగా జేబు దగ్గరికి వెళ్ళింది. ఇంకా అడగనే లేదు, అప్పుడే జేబు తడుముకుంటున్నాడు. ఆ తడుముకోవడం నాకు ఎంత తెలుసంటే, మా ఇంటి తలుపు చప్పుడు తెలిసినంత.

కాగితం బల్ల మీద పెట్టేశాను.

"మీరు లారీ ఎన్నేళ్ళు నడిపారు?" అన్నాను.

సీనియర్‌గారు మఫ్లరు లోపలినుంచి ఏదో శబ్దం చేశారు.

"ముప్పై ఒక్క ఏళ్ళు" అన్నాడు పెద్దాయన. ఇది ఆయన ఎదురుచూసిన ప్రశ్న కాదు.

"ఎక్కడ ఏ సరుకు దింపిందీ పుస్తకంలో రాసుకునేవారా?"

"పుస్తకమెందుకమ్మా? ఇక్కడ ఉండేది." తల తట్టుకున్నాడు. "ఇప్పటికీ ఉంది. ఏ ఊళ్ళో ఏ మలుపు దగ్గర ఏ గోతిలో బండి దిగబడిందో అడుగు, చెప్తాను."

అడగలేదు. కానీ దారి దొరికింది. నాన్న కూడా అంతే. పదేళ్ళ కింద ఎవరు ఏ తాళానికి చెవి చేయించుకున్నదీ, అప్పుడు ఏమన్నదీ, అక్షరం పొల్లుపోకుండా చెప్తాడు. కాగితం చదవలేని మనుషులకి మాటే కాగితం. దాన్ని వాళ్ళు చింపరు.

"అయితే వాది మీ గదిలోకి వచ్చిన రోజు గుర్తుందా?"

"ఎందుకుండదు? పొద్దుటినుంచి వాన. మిషన్లు తోపుడుబండి మీద వచ్చాయి. ఒకదానికి కాలు విరిగింది. నేనే వెల్డింగ్ చేయించి పెట్టాను."

వెల్డింగ్ సంగతి నేను అడగలేదు. జడ్జిగారు టైపిస్టుతో, "సాక్షి తనంతట తాను చెప్పినది అని రాయండి" అన్నారు. నాకు ఇష్టమైన కోర్టు మాట అది. అడిగి రాబట్టినదానికంటే అడక్కుండా వచ్చినదానికి బరువెక్కువ. దాని మీద మళ్ళీ ప్రశ్న వేయకూడదు, గూటి మీద వాలిన పిట్టని పట్టుకోబోయినట్టే అంటారు సీనియర్‌గారు.

"ఆవిడ ఇంకొన్నాళ్ళు ఉంటానని మీతో మాట్లాడింది ఎక్కడ?"

అవతలి లాయరు లేచాడు. "అయ్యా, అలా మాట్లాడనేలేదని మా జవాబు..."

"సాక్షిని చెప్పనివ్వండి" అన్నారు జడ్జిగారు.

పెద్దాయన తన లాయరువైపు చూశాడు, నావైపు చూశాడు. చెప్పాల్సిన అబద్ధం ఆయనకి నేర్పే ఉంటారు. కానీ జ్ఞాపకాన్ని తక్కువ చేసి చూపించడం ఆయన వల్ల కాలేదు.

"మెట్ల దగ్గర. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడుతుంటే, మింగుతావు, తీసి మాట్లాడు అన్నాను. తీసి అరచేతిలో పెట్టుకుంది. ఏడు."

"ఏడా?"

"ఏడు సూదులు."

కోర్టు నవ్వింది. టైపిస్టు అంకెలో రాయాలా, అక్షరాల్లో రాయాలా అని అడిగాడు.

"సూదులు తీశాక ఏమంది?"

"ఇంకో రెండేళ్ళు ఉంటాను అన్నా, అంది. బడి వాళ్ళు పని ఇచ్చారు, గది మారితే పోతుంది అంది."

"మీరేమన్నారు?"

"ఉండమన్నాను." కాస్త గట్టిగానే అన్నాడు. "తొమ్మిదేళ్ళుగా ఉన్న మనిషిని పొమ్మంటానా?"

అల్లుడి ఫోను జేబులోకి వెళ్ళింది.

"ఆవిడ చేతిలో కాగితమేమైనా ఉందా?"

అల్లుడివైపు ఒకసారి చూశాడు. "ఉంది. సంతకం పెట్టమంది. చుట్టూ నలుగురున్నారు. పెట్టాను."

అయిపోయింది. ఊళ్ళో లేనన్నవాడు మెట్ల దగ్గర ఉన్నాడు. కాగితం చూడనన్నవాడు సంతకం పెట్టాడు. జవాబు పత్రంలో మూడు మాటలు, మూడూ ఆయన నోటితోనే కాదని తేలాయి. అందులో ఏం రాసి ఉందో ఆయనకి పూర్తిగా తెలిస్తే కదా, దానికి తగ్గట్టు చెప్పడానికి.

సీనియర్‌గారి రెండో చీటీ వచ్చింది: "ఇప్పుడు అడుగు. చదవడం వచ్చా?" కింద రెండు గీతలు.

నేను బల్ల మీది కాగితం తీశాను. పెద్దాయన చేయి మళ్ళీ జేబు దగ్గరికి. వెనక బెంచీలో నాన్న చేయి కూడా జేబు దగ్గరికి వెళ్ళింది. ఆయనని ఎవరూ ఏమీ అడగలేదు. అక్కడ ఆకురాయి తప్ప ఏమీ లేదు.

"నేను చదువుతాను, మీరు వినండి" అన్నాను. "ఆ కాగితం ఇదేనా కాదా చెప్పండి."

చదివాను. నాలుగే వాక్యాలు. ఈ గదిలో మరో రెండేళ్ళు కుట్టుపని చేసుకుంటాను. రెండేళ్ళు నిండిన రోజున తాళం చెవి మీ చేతిలో పెడతాను. ఈలోపు ఖాళీ చేయమని అడగవద్దని కోరుతున్నాను. మీరు ఒప్పుకున్నట్టు కింద సంతకం పెట్టగలరు.

పెద్దాయన బోను కర్ర పట్టుకుని ముందుకి వంగాడు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే" అన్నాను.

"అంతే ఉందా అందులో? గది ఆవిడ పేర రాసిచ్చేశానని మా అల్లుడు..." ఆగిపోయాడు. వెనక బెంచీలో అల్లుడు ఎటు చూడాలో తెలియక ఫ్యాను చూస్తున్నాడు.

సీనియర్‌గారి వేలు చీటీ మీద టకటకా కొడుతోంది. ఒక్క ప్రశ్న. నా నాలుక మీదే ఉంది.

"ఇంకేం ప్రశ్నలు లేవు అయ్యా" అన్నాను.

జడ్జిగారు నన్ను కాసేపు చూశారు. తర్వాత టైపిస్టుతో, "వాంగ్మూలం సాక్షికి చదివి వినిపించండి" అన్నారు. బోనెక్కిన ప్రతివాడికీ చదివి వినిపిస్తారు, డాక్టరైనా, ప్రొఫెసరైనా. చివర "చదివి వినిపించగా సరి అని ఒప్పుకున్నాను" అని ఉంటుంది, దాని కింద సంతకం. కోర్టులో కళ్ళజోడు ఎవరికీ అవసరం లేదు. రెండేళ్ళుగా ఆ వాక్యం చూస్తున్నాను, ఇవాళే విన్నాను.

పెద్దాయన మొత్తం విన్నాడు. సూదుల దగ్గర తలూపాడు. సంతకం పెట్టాడు.

బయటికి వచ్చాక నాన్న నాకంటే ముందే నడిచాడు. పెట్టె దగ్గరికి వెళ్ళి, ఎవరిదో తాళం చెవి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అరగదీయడం మొదలుపెట్టాడు.

13, గురువారం

సీనియర్‌గారి చీటీలు, వరుసగా:

"ఆఖరి ప్రశ్న ఎందుకు వదిలావు?"

"అవసరం లేదు అయ్యా. మూడు మాటలూ పోయాయి కదా."

"నాలుగోది కూడా పోయేది."

"అది ఆయన మాట కాదు అయ్యా, ఆయన పరువు."

దీనికి చాలాసేపు పెన్ను కొరుక్కుని, "లాయరుకి జాలి పిప్పిపన్నులాంటిది" అని రాశారు. తర్వాత దాన్ని కొట్టేసి, కింద, "ఏడు సూదులు బాగుంది" అని రాశారు. చీటీ దాచుకున్నాను.

కానీ ఆర్డరు ఇంకా రాలేదు. ఆ ఒక్క ప్రశ్న లేక కేసు పోతే, అక్క ముఖం ఎలా చూడాలి?

14, శుక్రవారం

రాలేదు.

17, సోమవారం

రాలేదు. అక్క ఫోను చేసి, అడగకుండా ఊరికే వాతావరణం గురించి మాట్లాడింది. బడి వాళ్ళు వేరే టైలరుతో మాట్లాడుతున్నారని అమ్మ ఎక్కడో విని వచ్చింది. నాకు భయం లేదని 3వ తేదీన రాశాను. అది కొట్టేస్తున్నాను.

19, బుధవారం

వచ్చింది. కేసు తేలేదాకా వాది గదిలో పని చేసుకోవచ్చు. కోర్టు ఆర్డరు అమలుచేసే అమీనా సమక్షంలో రేపే తాళం తీయాలి. "ప్రతివాది తన నోటితో చెప్పిన మాటలు అతని జవాబు పత్రం కంటే నమ్మదగినవిగా ఉన్నాయి" అని రాశారు జడ్జిగారు. ఓడినవాడికి అంతకంటే మంచి మాట ఏ ఆర్డరులోనూ చూడలేదు.

అక్కకి చెప్తే, "ఉండు చెల్లీ" అని ఫోను పక్కన పెట్టి, చాలాసేపటికి మళ్ళీ తీసుకుంది. "ఏం లేదు, మిషన్ నూనె తెచ్చుకోవాలి, గుర్తుచేసుకుంటున్నాను" అంది.

20, గురువారం

తాళం చెవి పోయిందట. అల్లుడు చెప్పాడు, చాలా విచారంగా. అలాంటి విచారాలకి మందు మా నాన్న.

అమీనా కొత్తవాడు, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని రూలు ప్రకారం నడిచే రకం. నాన్నని పిలిపించాడు. నాన్న తాళం ముందు గొంతుక్కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని, సన్నటి కడ్డీ పెట్టి, చెవి ఆనించి విన్నాడు. రెండు నిమిషాలన్నది అబద్ధం. ఒకటిన్నర పట్టింది.

అక్క లోపలికి పరిగెత్తి కొలతల పుస్తకం గుండెకి అదుముకుంది. తర్వాత గుడ్డల మీద దుమ్ము దులుపుతూ, ఎవరినో తెలియకుండా తిట్టసాగింది. ఆ తిట్లు నాకు సంగీతంలా ఉన్నాయి.

గుమ్మం దగ్గర అమీనా పంచనామా రాసి నాన్నకి ఇచ్చాడు. పాత అమీనా అయితే వేలు పెట్టి చోటు చూపించేవాడు, నాన్న సంతకం గీసేవాడు. ఈయన, "చదివి సంతకం పెట్టు" అన్నాడు.

నాన్న చేయి జేబు దగ్గరికి వెళ్ళింది. "కళ్ళజోడు..." అన్నాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. అల్లుడు చూశాడు. అమీనా చూశాడు. నేను గది లోపల, మధ్యలో మూడు మిషన్లు.

"ఏం అమీనాగారూ" అన్నాడు పెద్దాయన మెట్ల మీదనుంచి. అక్కడ కూర్చున్నాడని కూడా నేను గమనించలేదు. "జడ్జిగారంతటివాడు చదివి వినిపించాకే సంతకం అడిగాడు. మీరు ఆయనకంటే పెద్దా? అమ్మాయీ, నువ్వు చదువమ్మా. నీ గొంతు నాకు అలవాటైంది."

నేను మిషన్ల మధ్యనుంచి వచ్చి కాగితం తీసుకున్నాను. చదివాను. నాన్న తల వంచుకుని విన్నాడు. ఒక చోట చేయెత్తాడు.

"ఆగు. 'తాళం పగలగొట్టి' అని రాశారా?"

"అవును నాన్నా."

"పగలగొట్టలేదు. తీశాను." అమీనావైపు చూశాడు. "ఇరవై ఏళ్ళలో ఒక్క తాళం పగలగొట్టలేదు నేను. దిద్దండి."

అమీనా దిద్దాడు. పక్కన పొట్టి సంతకం కూడా పెట్టాడు, రూలు ప్రకారం. నాన్న కింద తన సంతకం గీశాడు, ఒక్కో అక్షరం తాళం చెవి పన్ను చెక్కినట్టు.

పెద్దాయన లేచి, నాన్న భుజం మీద చేయి వేసి, "మీ అమ్మాయా?" అన్నాడు.

"ఊఁ."

"బాగా చదివించావు."

మా నాన్న కడ్డీలన్నీ పెట్టెలో ఒక్కొక్కటిగా సర్దుకున్నాడు, ఎప్పుడూ కలిపి పడేసేవాడు.

23, ఆదివారం

రెండు రోజులు రాయలేదు. అక్క దగ్గర గుండీలు కుట్టడానికి వెళ్ళాను. నలభై జతలు అయ్యాయి. నా గుండీలు ఊడిపోతాయని వాటిని మళ్ళీ కుట్టించింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాన్న చేతిలో ఈ డైరీ ఉంది. గురువారం రాశాక ట్రంకుపెట్టెలో పెట్టడం మర్చిపోయాను. మర్చిపోయాననే రాస్తున్నాను.

"టేబుల్ మీద వదిలేశావే" అన్నాడు. "ఇలాంటివి దాచుకోవాలి. నేను చదవలేదులే."

"ఒట్టు?"

"ఒట్టు."

అమ్మ గోడవైపు తిరగబోయి, తిరగలేదు.

నాన్న డైరీ ఇవ్వలేదు. అట్ట మీద దుమ్ము లేకపోయినా తుడిచాడు. "నా గురించి ఉందా అందులో?"

"ఉంది."

"కోర్టులోలాగా చదివి వినిపిస్తావా?"

3వ తేదీ పేజీ తీసి చదివాను. పన్ను, చీటీలు, ఈగలు. అమ్మ నవ్వింది. రెండు నిమిషాల తాళం దగ్గర నాన్న, "ఒకటిన్నర" అన్నాడు. చివరి పేరా దగ్గర నా గొంతు నెమ్మదించింది, కానీ ఆపలేదు. నాన్న ఐదో తరగతి వరకు చదివాడు కాబట్టి ఈ డైరీ ట్రంకుపెట్టె అడుగున దాస్తున్నాను.

నాన్న కళ్ళజోడు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఐదు కాదు" అన్నాడు. "పదిహేను రోజులు వెళ్ళాను. ఒకటో తరగతి. తర్వాత మా నాన్న ఆకురాయి చేతికిచ్చాడు. దిద్దు."

నేనేమీ అడగలేదు. సాక్షి తనంతట తాను చెప్పినది.

దిద్దాను. పక్కన నేను పొట్టి సంతకం పెట్టాను. డైరీ ఆయనవైపు తిప్పి, వేలితో చోటు చూపించబోయి, చేయి వెనక్కి తీసుకున్నాను. ఆయనే వెతుక్కున్నాడు. దిద్దిన చోటు కనుక్కుని, దాని పక్కన తన సంతకం పెట్టాడు.